విదేశాల్లో పిల్లల ఇంగ్లీష్ క్యాంప్: అమ్మాయిని పంపాలా, వద్దా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంగ్లీష్ లిటరేచర్‌తో డిగ్రీ పూర్తి చేస్తోంది. బీఎడ్ చేయిద్దామని మేమనుకుంటుంటే, తను విదేశంలో పిల్లలకు ఇంగ్లీష్ నేర్పే సమ్మర్ క్యాంప్‌కి టీచర్‌గా వెళ్తానంటోంది. ముందు టూరిస్ట్ వీసా మీద వెళ్లిపోతే అక్కడ అన్నీ తామే చూసుకుంటామని ఒక ఏజెంట్ చెబుతున్నాడు. ఏడాది వృథా అవుతుందేమోనని భయంగా ఉంది. బీఎడ్ మంచిదా, ఇది మంచిదా? మన యాసను అక్కడ ఒప్పుకుంటారా?
ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు ఆ ఏజెంట్‌కి డబ్బు కట్టడం ఆపండి. టూరిస్ట్ వీసా మీద వెళ్లి పనిచేయడం దాదాపు ఏ దేశంలోనూ కుదరదు. జీతం ఇవ్వడం లేదు, తిండీ బసా మాత్రమే కాబట్టి ఇది ఉద్యోగం కిందకి రాదని కొందరు సర్దిచెబుతారు. చాలా దేశాల్లో దాన్నీ పనిగానే లెక్కగడతారు. యూరప్‌లో చాలా దేశాలకు ఒకటిగా పనిచేసే షెంగెన్ షార్ట్ స్టే వీసా మీద ఏ 180 రోజుల్లోనైనా 90 రోజుల వరకు ఉండొచ్చు. ఉండనివ్వడం వేరు, పనిచేయనివ్వడం వేరు. పట్టుబడితే తిప్పి పంపేది మీ అమ్మాయిని, ఏజెంట్ ఇంట్లోనే ఉంటాడు. ఆ తర్వాత ఏ వీసాకి అప్లై చేసినా ఆ సంగతి చెప్పుకోవాల్సి వస్తుంది.

మీ ఉత్తరం మళ్లీ చదివాను. మీరేమనుకుంటున్నారో ఉంది, ఏజెంట్ ఏమన్నాడో ఉంది. అమ్మాయికి పిల్లలతో గడపడం ఇష్టమేనా, ఎప్పుడైనా ఎవరికైనా పాఠం చెప్పిందా, ఎందుకు వెళ్దామనుకుంటోంది, వీటి గురించి ఒక్క ముక్క లేదు. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి. రాసేదీ ఎక్కువగా తల్లిదండ్రులే. ‘ఏడాది వృథా’ అని రాస్తారు గానీ లోపలి టెన్షన్ వేరే ఉంటుంది: ఒక్కతే అంత దూరం వెళ్తే ఎలా ఉంటుందో, తిరిగొచ్చాక మన మాట వింటుందో లేదో. ఆ భయాన్ని నేను తప్పుపట్టను. దానికి కెరీర్ అని పేరు పెట్టి అమ్మాయితో వాదించడమే బాగాలేదు. భయమేస్తోందని నేరుగా చెప్పండి. అప్పుడు తను కూడా నేరుగా జవాబు చెబుతుంది.

లెక్కేసి చూసినా ఏడాది ఎక్కడికీ పోదు. సమ్మర్ క్యాంప్‌లు నడిచేదే కొన్ని వారాలు. అమెరికా క్యాంప్ కౌన్సెలర్లకిచ్చే జే-1 వీసాకే నాలుగు నెలల పరిమితి. బీఎడ్ వచ్చే ఏడాదీ ఉంటుంది.

ఇక్కణ్నుంచి ఉత్తరం అమ్మాయి చేతికివ్వండి. ‘ప్రపంచం చూస్తూ పాఠాలు చెప్పండి’ అనే ప్రకటనలంటే నాకు మొదట్నుంచీ అనుమానమే. ఫొటోల్లో కొండలు, కేరింతలు కొట్టే పిల్లలు. అసలు రోజు ఇలా ఉంటుంది. ఉదయం తరగతిలో ఎదురుగా పదిహేనుమంది తొమ్మిదేళ్ల పిల్లలు. నీ భాష వాళ్లకి రాదు, వాళ్ల భాష నీకు రాదు. బంతిని పక్కవాళ్లకివ్వాలి, ఇస్తూ తన పేరు చెప్పాలి. ఇంతే ఆట. ఇది ఇంగ్లీష్‌లో చక్కగా వివరిస్తే ఒక్కరికీ అర్థం కాదు. నాలుగు మాటలకు కుదించి, నువ్వే రెండుసార్లు చేసి చూపించి, ఆ తర్వాతే బంతి వాళ్ల చేతికివ్వాలి. ముందే ఇచ్చావో, బంతి గది దాటి పోతుంది, పాఠం కూడా దాంతోనే పోతుంది. డిగ్రీలో చదివిన కవిత్వం ఇక్కడ అక్కరకు రాదు. మాట వినడం, వెంటనే ఒంటితో చేయడం ద్వారా భాష నేర్పే టోటల్ ఫిజికల్ రెస్పాన్స్ అనే పద్ధతి ఉంది. జేమ్స్ ఆషర్ అనే సైకాలజిస్టు రూపొందించాడు. వెళ్లే ముందు దాని గురించి చదువుకుని వెళ్లు.

మధ్యాహ్నం ఆటలు, సాయంత్రం నాటికలు, రెసిడెన్షియల్ క్యాంప్ అయితే రాత్రి డ్యూటీ కూడా. ఎవరికి ఏ అలర్జీ ఉందో గుర్తుంచుకోవాలి, ఈతకొలను దగ్గర తలలు లెక్కపెట్టాలి, ఇంటి మీద బెంగతో ఏడ్చే పిల్ల పక్కన కూర్చోవాలి. కొండలు చూడ్డానికి సెలవు దొరకాలి.

నా అసలు అనుమానం ఇది కూడా కాదు. క్యాంప్‌లో పిల్లలు సంతోషంగా ఇంటికెళ్తే చాలు, నీ పాఠం బాగుందా లేదా అని చెప్పేవాళ్లు సాధారణంగా ఉండరు. ఒక బ్యాచ్ పోతుంది, ఇంకోటి వస్తుంది, అవే ఆటలు, అవే పాటలు. ఒక సీజన్ ఇలా చేస్తే అనుభవం. వరసగా చేసుకుంటూ పోతే టీచర్‌గా ఎదుగుదల ఉండదు. బోధన మీద నిజంగా మనసుంటే ఇంగ్లీష్ టీచర్ల కోసం కేంబ్రిడ్జ్ సర్టిఫికెట్ ఇచ్చే సెల్టా లాంటి కోర్సు చూడు. అందులో కనీసం 120 గంటల శిక్షణ, ఆరు గంటలు నిజమైన విద్యార్థులకు పాఠం చెప్పడం ఉంటాయి. ట్రైనర్లు వెనక కూర్చుని చూసి తప్పులు చెబుతారు. ఆన్‌లైన్‌లో చౌకగా అమ్మే ‘120 గంటల సర్టిఫికెట్లు’ ఆ అంకెను మాత్రమే అరువు తెచ్చుకుంటాయి. చాలావాటిలో ఒక్క విద్యార్థికీ పాఠం చెప్పే పని ఉండదు.

అమ్మా, మీరడిగిన యాస సంగతి. చిక్కు చాలాసార్లు పాస్‌పోర్ట్ దగ్గరే వస్తుంది. దక్షిణ కొరియాలో ఇంగ్లీష్ టీచర్లకిచ్చే ఈ-2 వీసా సాధారణంగా ఏడు దేశాలవాళ్లకే: అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఐర్లాండ్, దక్షిణాఫ్రికా. భారత్‌తో 2010 నుంచి అమల్లో ఉన్న ఆర్థిక ఒప్పందం ఒక దారి తెరిచింది గానీ, దానికి టీచర్ అర్హత కావాలి. అంటే మీరు చెప్పే బీఎడ్ అక్కడా పనికొస్తుంది. ‘నేటివ్ స్పీకర్లు మాత్రమే’ అని రాసుకున్న చోట బతిమాలుకోవడం దండగ. స్పష్టంగా, నెమ్మదిగా మాట్లాడే టీచర్‌ని పిల్లలు యాస చూసి వద్దనరు.

పోలిక చెబుతానని ఎక్కడికో వెళ్లిపోయాను. బీఎడ్ రెండేళ్లు, క్యాంప్ కొన్ని వారాలు, రెండిటికీ పోటీయే లేదు. పిల్లల మధ్య రోజంతా ఉండగలదో లేదో ఆ వారాల్లో తేలిపోతుంది. ఉండలేనని తేలినా రెండేళ్లు మిగిలినట్టే.

వెళ్లేట్టయితే పని చేయనిచ్చే వీసా, రాతపూర్వక కాంట్రాక్టు ఉండాలి. జీతం ఎవరిస్తారు, వారానికి ఎన్ని గంటల పాఠాలు, రాత్రి డ్యూటీ ఎన్ని రోజులు, ఇన్సూరెన్స్ ఎవరిది, మధ్యలో మానేస్తే టికెట్ ఎవరు కొనాలి, అన్నీ అందులో ఉండాలి. క్యాంప్‌వాళ్లు అమ్మాయిని పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ అడిగారా అన్నది కూడా చూడండి. పిల్లల్ని ఎవరికి అప్పగిస్తున్నారో పట్టించుకోని చోట మీ అమ్మాయినీ ఎవరూ పట్టించుకోరు. కిందటేడు అక్కడ పనిచేసిన ఒకరిద్దరి నంబర్లు అడగండి. ఫోన్ మాత్రం అమ్మాయే చేయాలి. మీరు పక్కన కూర్చుని వినండి, మధ్యలో ఫోన్ లాక్కోకండి.