సేఫ్టీ కంప్లయన్స్‌కి సాఫ్ట్‌వేర్ కొనాలా? రెండు చోట్ల పెట్టించిన అనుభవంతో నా జవాబు

మీ ప్రశ్న చదివాను. సుమారు 300 మంది పనిచేసే ప్లాంట్, సేఫ్టీ రికార్డులన్నీ ఎక్సెల్‌లోనూ ఫైళ్లలోనూ ఉన్నాయి, ఐఎస్ఓ 45001 (పనిచోట సేఫ్టీ, ఆరోగ్యాల నిర్వహణకి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం) ఆడిట్ దగ్గర పడుతోంది, సాఫ్ట్‌వేర్ కొంటే ఈ టెన్షన్ తీరుతుందా, కొంటే ఏం చూసి కొనాలి అని అడిగారు. నేను పదకొండేళ్లుగా సేఫ్టీ ఆఫీసర్‌గా చేస్తున్నాను. ఇలాంటి సాఫ్ట్‌వేర్‌ని రెండు చోట్ల దగ్గరుండి పెట్టించాను. మొదటి చోట ఏడాది తిరక్కుండానే మూలపడింది. రెండో చోట ఇప్పటికీ నడుస్తోంది. తేడా ఎక్కడ వచ్చిందో వివరంగా చెబుతాను.

కొనడం మంచిదే. ముందు దేనికి పనికొస్తుందో చెప్తాను. ఎక్సెల్‌తో ఉన్న అసలు ఇబ్బంది, గడువు తేదీని మనమే వెతుక్కుంటూ వెళ్లాలి. మా దగ్గర ఒక క్రేన్ ఆపరేటర్ మెడికల్ ఫిట్‌నెస్ గడువు దాటి మూడు వారాలైంది. షీట్‌లో ఆ వరుస ఎర్రగానే ఉంది. కానీ ఆ ఫైల్ తెరిచినవాళ్లే లేరు. మూడు వారాలూ ఆయన మనుషుల తలల మీదుగా లోడ్లు ఎత్తుతూనే ఉన్నాడు. ఆ సంగతి ఆడిటర్ కనిపెట్టేదాకా నాకు తెలియదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. లిఫ్టింగ్ స్లింగులు, హార్నెస్‌లు, గ్యాస్ డిటెక్టర్ల కాలిబ్రేషన్ (రీడింగ్ సరిగ్గా ఉందో లేదో సరిచూడటం), ఫస్ట్ ఎయిడ్ శిక్షణ, ఫైర్ డ్రిల్, వీటన్నిటికీ గడువులుంటాయి. గడువుకి ముందే సంబంధిత మనిషికి, ఆయన పట్టించుకోకపోతే ఆయన పైవాళ్లకి మెసేజ్ వెళ్లడం అనే ఒక్క పని సాఫ్ట్‌వేర్ సరిగ్గా చేసినా మీ తలనొప్పి సగం తగ్గుతుంది.

ఇక మొదటి చోట ఎందుకు చెడిందో చెప్తాను. పైవాళ్లు ఇరవైకి పైగా మాడ్యూళ్లున్న, అంటే ఒక్కో పనికి ఒక్కో విభాగమున్న పెద్ద ప్యాకేజీ తీసుకున్నారు. అన్నీ ఒకే నెలలో మొదలుపెట్టాం. ఫ్లోర్ మీద ఉన్నవాళ్లకి తలా ఒక లాగిన్, మూడు నెలలకోసారి మార్చాల్సిన పాస్‌వర్డ్. తెర మీద అంతా ఇంగ్లీషే. గ్లోవ్స్ వేసుకున్న వేలికి అందని చిన్న చిన్న బటన్లు. పైగా మండే గ్యాస్ ఉండే ఏరియాల్లోకి మామూలు ఫోన్ తీసుకెళ్లకూడదు, నిప్పురవ్వ పుట్టకుండా తయారుచేసి సర్టిఫై చేసిన ఫోన్లు కావాలి. ఆ సంగతి కొనేటప్పుడు ఎవరికీ గుర్తు రాలేదు. దాంతో కుర్రాళ్లు కాగితం మీద రాసుకుని, షిఫ్ట్ అయ్యాక కంప్యూటర్ దగ్గర కూర్చుని మళ్లీ ఎక్కించేవాళ్లు. ఒక పని రెండు పనులైంది.

అప్పుడు జరిగిన ఒక సంగతి నా ఆలోచననే మార్చింది. నెలవారీ ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ల తనిఖీ నివేదిక చూస్తున్నాను. మొత్తం 46 సిలిండర్లు, అన్నీ ‘ఓకే’. డ్యాష్‌బోర్డ్‌లో ఆ గడి పచ్చగా ఉంది. ఎందుకో ఒక్కోదాని పక్కన ఉన్న సమయం చూశాను. మొదటిదానికీ చివరిదానికీ మధ్య నాలుగు నిమిషాలు. అవి మూడు షెడ్లలో ఉన్నాయి, నడిస్తేనే గంట పడుతుంది. లేచి వెళ్లి, డ్రమ్ముల వెనక ఉన్న ఒకదాన్ని చూశాను. ప్రెషర్ గేజ్ ముల్లు ఎర్రగీతలో ఉంది. పిన్నుకి ఉండాల్సిన సీలు తెగిపోయి ఉంది. హోస్ పైపు మీద దుమ్ము అట్టకట్టింది. ఆ డ్రమ్ములు జరపకుండా దాన్ని తీయడం ఎవరి వల్లా కాదు.

తనిఖీ చేసిన అబ్బాయిని పిలిచి తిట్టొచ్చు. తిట్టలేదు, పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను. “సార్, ఈ సిలిండర్ గురించే కాగితం మీద రెండుసార్లు రాసిచ్చాను. ఎవరూ రాలేదు. రాసినా రాయకపోయినా ఒకటే అయినప్పుడు, అంత దూరం నడవడం దేనికనిపించింది” అన్నాడు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. మేం పచ్చ గడి చూసి సంతోషిస్తున్నాం. అతనేమో తన మాటకి విలువ లేదని ఏనాడో తేల్చుకున్నాడు. ఆ సాఫ్ట్‌వేర్ మా పాత నిర్లక్ష్యాన్ని ఇంకొంచెం వేగంగా నమోదు చేసింది, అంతే.

కాబట్టి నేను చెప్పదలుచుకున్న అసలు విషయం ఇది. ఫ్లోర్ మీద మనిషి ఒక లోపాన్ని నిమిషంలో చెప్పగలగాలి, దాని మీద ఏం చేశారో అతనికే తిరిగి తెలియాలి. ఈ రెండూ కుదిరే సాఫ్ట్‌వేర్ చిన్నదైనా తీసుకోండి. ఇవి కుదరకపోతే ఎన్ని చార్టులు చూపించినా వద్దనండి.

రెండో చోట అందుకే లోపాల రిపోర్టింగ్, వాటి మీద చర్యలు, ఈ రెండింటితోనే మొదలుపెట్టాం. అదీ ఒక్క షెడ్‌లో, ఒక్క షిఫ్ట్‌తో. ప్రతి ఎక్స్‌టింగ్విషర్ మీదా, నిచ్చెన మీదా, మెషిన్ మీదా క్యూఆర్ కోడ్ అంటించాం. దాని దగ్గరికి వెళ్లి స్కాన్ చేస్తే తప్ప చెక్‌లిస్ట్ తెరుచుకోదు. బాగుంటే ఒక్క నొక్కు, బాగోకపోతే ఫోటో. అన్నిటికీ ఫోటో అడగొద్దు, విసుగొచ్చి ఏదో ఒకటి తీసి పడేస్తారు. లోపం రాయగానే అది ఒక మనిషి పేరు మీదికి తేదీతో సహా వెళ్తుంది. ‘మెయింటెనెన్స్ డిపార్ట్‌మెంట్’ అని రాస్తే ఎవరి మీదా పడదు, మనిషి పేరే ఉండాలి. సిగ్నల్ లేని బేస్‌మెంట్లలో కూడా పనిచేసి, సిగ్నల్ రాగానే తనంతట తానే ఎక్కించుకునే సదుపాయం ఉందో లేదో తప్పకుండా చూడండి.

‘క్లోజ్’ బటన్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. చాలా సాఫ్ట్‌వేర్లలో పని ఎవరికి అప్పగించారో వాళ్లే దాన్ని మూసేయొచ్చు. మా పాత రికార్డుల్లో ‘గ్రైండర్ గార్డు వదులుగా ఉంది’ అనే ఫిర్యాదు ‘ఆపరేటర్‌కి జాగ్రత్త చెప్పాం’ అన్న మాటతో మూతపడింది. గార్డు మాత్రం అలాగే ఊగుతోంది. ఇప్పుడు మేం పెట్టుకున్న నియమం, లోపం రాసిన మనిషి గానీ, అప్పగించిన పనితో సంబంధం లేని ఇంకొకరు గానీ అక్కడికెళ్లి చూసి సరే అంటేనే మూతపడుతుంది. ఐఎస్ఓ 45001 కూడా దిద్దుబాటు చర్య ఫలించిందా లేదా అని సమీక్షించమనే అంటుంది. ఆడిటర్ ఎలాగూ దీన్నే తవ్వుతాడు.

దానికి తోడు ఇంకో గడి పెట్టాం. తీసుకున్న చర్య ఏ రకం? ప్రమాదాన్నే తొలగించామా, ప్రమాదం తక్కువున్న పదార్థమో పద్ధతో తెచ్చామా, గార్డు, వెంటిలేషన్ లాంటి ఇంజనీరింగ్ ఏర్పాటు చేశామా, శిక్షణ, బోర్డులతో సరిపెట్టామా, చివరికి పీపీఈ (హెల్మెట్, గ్లోవ్స్ లాంటి ఒంటిమీద వేసుకునే రక్షణ సామగ్రి) ఇచ్చామా. సేఫ్టీలో అందరికీ తెలిసిన వరుసే ఇది, పైనున్నవే గట్టివి. ఆరు నెలల తర్వాత లెక్క తీస్తే మా చర్యల్లో అత్యధికం ‘టూల్‌బాక్స్ టాక్ ఇచ్చాం’ అన్నవే, అంటే పనికి ముందు నిలబెట్టి నాలుగు సేఫ్టీ మాటలు చెప్పడం. అది చూసి ప్లాంట్ మేనేజర్ మొదటిసారి గార్డులకీ ఎగ్జాస్ట్‌కీ బడ్జెట్ అడిగారు. కాగితాల్లో ఉన్నన్నాళ్లూ ఆ చిత్రం మాకెవరికీ కనబడలేదు. సాఫ్ట్‌వేర్‌కి పెట్టిన డబ్బు నాకు గిట్టుబాటు అనిపించింది ఆరోజే.

తర్వాత తీసుకోవాల్సింది వర్క్ పర్మిట్ మాడ్యూల్. వర్క్ పర్మిట్ అంటే ప్రమాదకరమైన పని మొదలుపెట్టే ముందు ఇచ్చే రాతపూర్వక అనుమతి. అది ఎందుకంత ముఖ్యమో ఒక ఉదాహరణ చెప్తాను. 1988 జులై 6న ఉత్తర సముద్రంలో పైపర్ ఆల్ఫా అనే ఆయిల్ ప్లాట్‌ఫామ్ పేలి 167 మంది చనిపోయారు. ఒకే పంపు మీద రెండు పర్మిట్లున్నాయి. ఒకటి పంపు మరమ్మతుకి, రెండోది దాని సేఫ్టీ వాల్వ్‌కి. వాల్వ్ తీసేసి అక్కడ తాత్కాలికంగా మూత బిగించారు. రాత్రి రెండో పంపు ఆగిపోయినప్పుడు షిఫ్ట్ వాళ్లకి వాల్వ్ తీసేసిన సంగతి తెలియదు. మరమ్మతుకని ఆపిన మొదటి పంపునే ఆన్ చేశారు, ఆ మూత దగ్గర కండెన్సేట్ అనే మండే ద్రవం లీకైంది. ఆ ప్రమాదంపై జడ్జి లార్డ్ కల్లెన్ విచారణ నివేదిక 1990లో వచ్చింది, పర్మిట్ల నిర్వహణలోనూ షిఫ్ట్ మారేటప్పుడు సమాచారం అప్పగించడంలోనూ ఉన్న లోపాలను అది ఎత్తిచూపింది. అందుకే సాఫ్ట్‌వేర్ వాళ్లు డెమో ఇస్తున్నప్పుడు నేను అడిగే మొదటి ప్రశ్న, ‘ఈ పంపు మీద, దాని చుట్టుపక్కల ఇప్పుడు తెరిచి ఉన్న పర్మిట్లన్నీ ఒకే తెర మీద చూపించండి’ అని. చూపించలేకపోతే ఆ మాడ్యూల్ నాకు అక్కర్లేదు.

పర్మిట్ విషయంలో రెండు ప్రమాదాలు సాఫ్ట్‌వేరే తెచ్చిపెడుతుంది. ఒకటి, ‘నిన్నటి పర్మిట్ కాపీ చెయ్యి’ అనే బటన్. దాన్ని మూసేయించండి. కన్ఫైన్డ్ స్పేస్ (ట్యాంకుల్లాంటి గాలి సరిగ్గా ఆడని ఇరుకు చోటు) పర్మిట్‌లో ఆక్సిజన్ రీడింగ్ వరుసగా ఐదు రోజులు 20.9 అని ఉంటే, అది ఐదుసార్లు కొలిచిందో ఒకసారి కొలిచి నాలుగుసార్లు కాపీ కొట్టిందో తెలియదు. 19.5 శాతం కన్నా తగ్గితే లోపలికి దిగకూడదన్నది ఎక్కువమంది పాటించే హద్దు. ఆ అంకె అప్పటికప్పుడు, ఆ ట్యాంకు మూతి దగ్గర కొలిచిందే అయ్యుండాలి. రెండోది, కుర్చీలోంచి అప్రూవల్. ఫోన్‌లో వేలు పెడితే పర్మిట్ పాసైపోతుందంటే సంతకం చేసేవాళ్లు స్పాట్‌కి రావడం మానేస్తారు. మేం పర్మిట్ ఇచ్చేవాళ్లకి కూడా అక్కడి క్యూఆర్ కోడ్ స్కాన్ చేయడం తప్పనిసరి చేశాం. మొదట్లో గొణిగారు గానీ ఇప్పుడు అలవాటైంది.

నియర్ మిస్‌ల (ప్రమాదం తృటిలో తప్పిన సంఘటనల) గురించి మీ మేనేజ్‌మెంట్‌కి ముందే చెప్పి ఉంచండి. రిపోర్ట్ చేయడం సులువైన మొదటి మూడు నెలల్లో అంకె అమాంతం పెరుగుతుంది. మా దగ్గర పైనుంచి “సాఫ్ట్‌వేర్ వచ్చాక ప్రమాదాలు పెరిగాయేంటి?” అని ఫోన్ వచ్చింది. పెరిగింది ప్రమాదాలు కాదు, అవి మనకి తెలియడం అని రెండు మీటింగుల్లో నచ్చజెప్పాల్సి వచ్చింది. అలాగని డిపార్ట్‌మెంట్‌కి నెలకి ఇన్ని రిపోర్టులని టార్గెట్ పెట్టకండి. నెలాఖర్న ‘నేల మీద నీళ్లున్నాయి’ అనేవి పది వచ్చి పడతాయి. ప్రమాదం జరగని రోజులకి బహుమతులూ వద్దు, చిన్న గాయాలు దాచేస్తారు. చిన్న గాయాల అంకె తక్కువుందని ధీమా పడటం ఎంత చేటో 2005 మార్చిలో అమెరికాలోని టెక్సస్ సిటీ రిఫైనరీలో తేలింది. అక్కడ పేలుడులో 15 మంది పోయారు. కాలు జారడం, చెయ్యి తెగడం లాంటి గాయాల రేటు బాగుందని చూసి ప్రాసెస్ సేఫ్టీ (పేలుళ్లు, మంటలు, లీకుల లాంటి పెద్ద ప్రమాదాలు రాకుండా చూడటం) కూడా బాగుందనుకున్నారని, ఆ ప్రమాదం తర్వాత కంపెనీ సేఫ్టీని పరిశీలించిన బేకర్ ప్యానెల్ 2007లో తప్పుబట్టింది.

‘కంప్లయన్స్ 98 శాతం’ అని చూపించే డయల్ ఉంటుంది కదా, అది చట్టం పాటించామని కాదు. మీరు ఎక్కించిన పనుల్లో 98 శాతం టిక్ పడ్డాయని మాత్రమే. అసలు మీకు వర్తించే చట్టంలోని ఒక నిబంధనని ఎక్కించడమే మర్చిపోతే ఆ డయల్‌కి తెలియదు. కాబట్టి ఒక్కో నిబంధన ఎదురుగా దానికి ఏ పని, ఎవరు, ఎన్నాళ్లకోసారి అన్నది మీరే కూర్చుని రాసుకోవాలి. ఇది విసుగు పుట్టించే పనే. మాకు ఆరు వారాలు పట్టింది. రెడీమేడ్ చట్టాల లైబ్రరీ ఇస్తామంటే, సవరణలొచ్చినప్పుడు ఎవరు, ఎన్నాళ్లలో మారుస్తారో రాతపూర్వకంగా అడగండి.

డేటా బయటికి తీసుకోవడం గురించి కూడా కొనకముందే తేల్చుకోండి. ఆస్బెస్టాస్ లాంటి వాటివల్ల వచ్చే జబ్బులు పదుల ఏళ్ల తర్వాత బయటపడతాయి. అందుకే అలాంటి రికార్డులను అమెరికాలో 30 ఏళ్లు, బ్రిటన్‌లో 40 ఏళ్లు ఉంచమంటారు. అన్నేళ్లు ఏ సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉంటుందో చెప్పలేం. మొత్తం రికార్డులు, ఫోటోలతో సహా, మామూలు ఫైళ్లుగా దించి చూపించమని డెమోలోనే అడగండి. వినికిడి పరీక్షలు, మెడికల్ రిపోర్టులు ఎవరెవరు తెరవగలరో కూడా చూడండి. సూపర్‌వైజర్‌కి ‘ఫిట్’ అనో ‘ఈ పని వద్దు’ అనో తెలిస్తే చాలు, లోపలి వివరాలు డాక్టర్ దగ్గరే ఉండాలి.

డెమోకి మేనేజర్లతో పాటు ఫ్లోర్ మీద పనిచేసే ఇద్దర్ని తీసుకెళ్లండి. గ్లోవ్స్‌తో ఫోన్ చేతికిచ్చి, ఎవరూ ఏమీ చెప్పకుండా ఒక లోపం రిపోర్ట్ చేయమనండి. కార్మికులను సంప్రదించాలని, వాళ్లకి భాగం ఇవ్వాలని ఐఎస్ఓ 45001 కూడా చెబుతోంది, ఆ రికార్డు ఆడిట్‌లో కూడా అక్కరకొస్తుంది. మేం అలా తీసుకెళ్లిన వెల్డర్ ఒకాయన రెండో తెర దగ్గరే ఆగిపోయి “ఇక్కడ ఏం నొక్కాలి?” అన్నాడు. ఆ కంపెనీని అక్కడికక్కడే వదులుకున్నాం.

ఇక మీ ఆడిట్ సంగతి. ఐఎస్ఓ 45001 సాఫ్ట్‌వేర్ ఉండాలని ఎక్కడా అడగదు, రికార్డులు నమ్మదగినవిగా, వెతికితే దొరికేలా ఉండాలంటుంది. ఆడిట్ మూడు నాలుగు నెలల్లోనే ఉంటే ఇప్పుడు కొత్తది మొదలుపెట్టకండి. సగం అందులో, సగం ఎక్సెల్‌లో ఉన్న స్థితిలో ఆడిటర్ ముందు నిలబడటం చాలా కష్టం. ఈలోగా ఎక్సెల్‌లో ఇంకా పూర్తికాని చర్యలు, అమల్లో ఉన్న సర్టిఫికెట్లు, పరికరాల జాబితా, ఈ మూడూ శుభ్రం చేసుకోండి. రేపు కొత్తదాంట్లోకి ఎక్కించాల్సింది కూడా ఆ మూడే, పాతవన్నీ మోయక్కర్లేదు. ఏడాది పైన టైముంటే మాత్రం ఈ నెలలోనే ఒక షెడ్ ఎంచుకుని, అక్కడి షిఫ్ట్ ఇన్‌చార్జ్‌తో మాట్లాడండి.