షేరు మనం చెప్పిన ధరకి పడితే దానంతటదే అమ్మేయమనే ఆర్డరే స్టాప్‌లాస్. అది పెడితే నష్టం అక్కడితో ఆగిపోతుందా? దాని రకాలైన ఎస్‌ఎల్ (స్టాప్‌లాస్ లిమిట్), ఎస్‌ఎల్-ఎమ్ (స్టాప్‌లాస్ మార్కెట్), జీటీటీ (గుడ్ టిల్ ట్రిగర్డ్)ల్లో ఏది వాడాలి?

ఆగిపోతుందని గట్టిగా నమ్మి ఏడు వేలు ఎక్కువ పోగొట్టుకున్నాను. అందుకే చెప్తున్నా.

2024 జూన్ 4, ఎన్నికల ఫలితాల రోజు. ముందురోజు ఎగ్జిట్ పోల్స్ ఊపులో నిఫ్టీ సూచీ మూడు శాతం పైగా పెరిగితే, నేనూ ఒక ప్రభుత్వ రంగ సంస్థ షేర్లు 300 రూపాయల చొప్పున 400 కొన్నాను. పొద్దున్నే ఎస్‌ఎల్ ఆర్డరులో ట్రిగ్గర్ (ఏ ధర తగిలితే ఆర్డరు లైవ్ అవ్వాలో అది) 280, లిమిట్ (ఎంతకి తక్కువైతే అమ్మొద్దో అది) 279.50 పెట్టేసి ఆఫీసు కాల్‌లో కూర్చున్నా. బెంగళూరు మారతహళ్లిలో మా ఫ్లాట్‌లో అందరం తెలుగువాళ్లమే, హాల్లో టీవీ ముందు ఒకటే కేకలు. మా తమ్ముడు తలుపు తోసుకొచ్చి, "అన్నా, నీ షేరు 270కి వచ్చేసింది, చూశావా?" అన్నాడు.

"ఎస్‌ఎల్ ఉందిరా, ఎప్పుడో అమ్ముడైపోయుంటుంది."

యాప్ తెరిస్తే 'ట్రిగ్గర్ పెండింగ్' పోయి 'ఓపెన్' అని ఉంది. 280 తగలగానే ఆర్డరు లైవ్ అయింది. కానీ ధర ఒక్క దూకులో 277కి పడింది. 279.50కి తక్కువైతే అమ్మొద్దని చెప్పింది నేనే కదా, అది అలాగే నిలబడిపోయింది. చేతులు వణుకుతుంటే క్యాన్సిల్ చేసి 262కి వదిలించుకున్నా. నిఫ్టీ ఆ రోజు దాదాపు ఆరు శాతం పడి ముగిసింది.

యూట్యూబ్‌లో తెలుగు ఛానెళ్లవాళ్ల మీద నాకు కోపం ఇందుకే. "స్టాప్‌లాస్ తప్పకుండా పెట్టుకోండి ఫ్రెండ్స్" అని వెళ్లిపోతారు. ట్రిగ్గర్, లిమిట్ అనే ఆ రెండు గళ్లలో ఏం నింపాలో నేను చూసినవాళ్లలో ఒక్కరూ చెప్పలేదు. నా బ్రోకర్ యాప్‌లోనూ తెలుగులో ఒక్క ముక్క వివరణ నాకు కనపడలేదు.

ఎస్‌ఎల్-ఎమ్‌లో లిమిట్ ఉండదు, కొనేవాళ్లుంటే చాలు, ఏ ధరకైనా సరే బయటపడేస్తుంది. కానీ ఆప్షన్స్ (షేర్ల మీద, సూచీల మీద రాసుకునే కాంట్రాక్టులు) ట్రేడింగ్‌లో దాన్ని ఎన్‌ఎస్‌ఈ ఎక్స్ఛేంజీ 2021 సెప్టెంబరులోనే తీసేసింది, బీఎస్‌ఈ ఎక్స్ఛేంజీ అయితే 2023 అక్టోబరులో షేర్లతో సహా అన్నిట్లోనూ ఆపేసింది. మామూలు ఎస్‌ఎల్ ఆ రోజుకే, మార్కెట్ మూసేస్తే పోతుంది. జీటీటీ రోజుల తరబడి ఉంటుంది గానీ, ట్రిగ్గర్ తగిలాక అదీ మామూలుగా లిమిట్ ఆర్డరే వేస్తుంది. రాత్రికి రాత్రి చెడ్డ వార్త వచ్చి ధర మీ లిమిట్ కిందే తెరుచుకుంటే, అదీ నా ఆర్డరు లాగే నిలబడిపోతుంది.

ఇప్పుడు నేను ట్రిగ్గర్‌కీ లిమిట్‌కీ మధ్య కనీసం మూడు శాతం వదులుతున్నా. అమ్మకం లిమిట్ తక్కువ పెట్టినంత మాత్రాన ఆ తక్కువకే పోదు, అప్పటికి ఉన్న మంచి ధరే వస్తుంది. ఆ రోజు లిమిట్ 271 పెట్టుంటే 277 దగ్గరే బయటపడేవాణ్ని.