పాత ఫోను అంగడిలో ఇచ్చేయాలా, మనమే అమ్ముకోవాలా?

ప్రశ్న: నేను కడపలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్ని. మూడేళ్ల కిందట 18,500 పెట్టి కొన్న ఆండ్రాయిడ్ ఫోను వాడుతున్నాను. గీతలు పెద్దగా లేవు, బాగానే పనిచేస్తోంది, కానీ మధ్యాహ్నానికే చార్జింగ్ అయిపోతోంది. 22,000 లోపల కొత్తది తీసుకుందామని ఏడు రోడ్ల కూడలి దగ్గర అంగడికి పోతే పాతదానికి 5,500, దాని పైన ఎక్స్ఛేంజ్ బోనస్ 2,000, మొత్తం 7,500 తగ్గిస్తామన్నారు. మా మరిదేమో "అంత తక్కువకు ఎందుకిస్తావు వదినా, ఓఎల్‌ఎక్స్‌లో పెడితే 8,000 వస్తుంది" అంటున్నాడు. తెలియనివాళ్లు ఫోన్లు చేస్తారని, ఇంటికొస్తారని నాకు టెన్షన్. ఏది మేలో చెప్పండి.
– ఒక పాఠకురాలు, కడప

జవాబు: అమ్మా, మీ మరిది చెప్పిన 8,000, అంగడాయన చెప్పిన 7,500 పక్కపక్కన పెట్టి చూడకండి. ఆ రెండింట్లో ఏదీ మీ చేతికి వచ్చే డబ్బు కాదు. మరిది చెప్పింది జనం ప్రకటనలో రాసుకునే ధర. అడిగే ధర వేరు, బేరం తెగే ధర వేరు. 8,000 అని పెడితే మొదటి మెసేజే "5,000కి ఇస్తారా" అని వస్తుంది, ఆ తర్వాత పది మంది అడిగి ఇద్దరు చూసిపోయి చివరికి 6,500 దగ్గరో 7,000 దగ్గరో తెగొచ్చు. ఇక అంగడాయన 7,500 సంగతి తేలాలంటే మీరు ఇంకొక మాట అడగాలి. ఆ మాట అడగకుండా ఎక్స్ఛేంజ్‌కు ఒప్పుకునేవాళ్లే నాకు ఎక్కువగా కనిపిస్తున్నారు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఈసారి అంగడికి పోయినప్పుడు పాత ఫోను బ్యాగులోంచి బయటికే తీయొద్దు. "పాతది ఇచ్చేదేమీ లేదు, డబ్బంతా ఇప్పుడే కడతాను, ఈ ఫోను ఆఖరి రేటు ఎంత?" అని అడగండి. ఫోను మీద 21,999 అని ఉన్నా, అలా అడిగితే 20,500కు దిగారనుకుందాం. అప్పుడు పాత ఫోను చూపించి, ఎక్స్ఛేంజ్‌తో ఎంతకిస్తారో అడగండి. 21,999లో 7,500 పోతే 14,499. ఇప్పుడు 20,500లోంచి 14,499 తీసేయండి, 6,001 వస్తుంది. మీ పాత ఫోనుకు ఆ అంగడిలో నిజంగా పలికిన ధర అదీ. మిగతా 1,499 ఎక్స్ఛేంజ్ లేకపోయినా మీకు తగ్గేదే, దాన్ని పాత ఫోను ఖాతాలో రాసి చూపించారంతే. ఒక్కోసారి అంగడాయన 21,999 నుంచి రూపాయి కూడా దిగడు, అప్పుడు 7,500 నిజంగానే 7,500, కళ్లు మూసుకుని ఇచ్చేయండి. బ్యాంకు కార్డు తగ్గింపు ఉంటే అది ఎక్స్ఛేంజ్‌తో కలిపి ఇస్తారో, రెండింట్లో ఒకటే ఇస్తారో కూడా అప్పుడే అడగాలి.

ప్రొద్దుటూరులో బంగారం కొన్నవాళ్లకు ఇదేమీ కొత్త లెక్క కాదు. పాత నగ ఇచ్చి కొత్తది తీసుకునేటప్పుడు పాత బంగారానికి గ్రాముకు ఎంత కట్టారన్నది ఒక్కటే చూడం, కొత్త నగ మీద తరుగెంత వేశారు, మజూరీ ఎంత వేశారు అని కూడా చూస్తాం, అక్కడ మన ఇళ్లలో ఆడవాళ్లు పైసా వదలరు. అదే లెక్క ఫోను దగ్గర ఎందుకు వేయమో నాకు అర్థం కాదు. సర్కారు లెక్క కూడా ఇలాగే ఉంటుంది. 2017 నాటి కేంద్ర జీఎస్టీ నిబంధనల్లో 27వ నిబంధన కింద ఉదాహరణగా ఇచ్చింది ఫోను ఎక్స్ఛేంజే. పాత ఫోను తీసుకుని కొత్తది 20,000కు ఇస్తే, పాతది లేకుండా దాని ధర 24,000 అయినప్పుడు, కొత్త ఫోను విలువను 24,000గానే లెక్కగట్టాలని అందులో ఉంది. అంటే పాత ఫోను 4,000కు పోయినట్టు. ఫోన్ల మీద 18 శాతం జీఎస్టీ ఆ పూర్తి విలువ మీదే పడుతుంది, కాబట్టి ఎక్స్ఛేంజ్ చేస్తే ట్యాక్సు తగ్గుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

సరే, 6,000 అని తేలింది. బయట ఎంతొస్తుందో చూడాలి కదా. దానికి సగం పూట చాలు. పాత ఫోన్లు కొనే అంగళ్లు రెండు మూడింట్లో అడగండి, క్యాషిఫై లాంటి కంపెనీల యాప్‌లో మీ మోడల్, ఫోను పరిస్థితి ఉన్నదున్నట్టు నింపి ధర చూడండి. వీళ్లంతా మళ్లీ అమ్ముకోవడానికి కొనేవాళ్లు, వాళ్ల లాభం చూసుకునే ధర కడతారు, కాబట్టి ఆ ధర ఎక్స్ఛేంజ్‌కు కొంచెం అటూ ఇటూగానే ఉంటుంది. అంతకంటే ఎక్కువ రావాలంటే వాడుకునేవాళ్లకే నేరుగా అమ్మాలి.

నా లెక్క ఒకటి చెబుతాను, ఇది నా అభిప్రాయం. నేరుగా అమ్మితే వచ్చే తేడా వెయ్యి లోపలైతే ఎక్స్ఛేంజ్‌కే ఇచ్చేయండి. ఫోటోలు తీసి పెట్టడం, వచ్చిన ఫోన్లన్నిటికీ జవాబు చెప్పడం, ఆదివారం వస్తానన్న మనిషి కోసం ఇంట్లో కాచుకుని కూర్చోవడం, ఇవన్నీ ఆ వెయ్యి రూపాయల కోసం చేయాలి. తేడా రెండు వేలు దాటితే మాత్రం వదులుకోవద్దు, నెలజీతం మీద బతికేవాళ్లకు అది చిన్న మొత్తం కాదు. ఐఫోన్లు, ఖరీదైన శామ్‌సంగ్‌లు ఉన్నవాళ్లకు ఈ తేడా ఐదారు వేలు కూడా ఉంటుంది, వాళ్లు కచ్చితంగా సొంతంగా అమ్ముకోవడానికే చూడాలి.

మీ టెన్షన్‌కు మందు మీ స్కూల్లోనే ఉంది. స్టాఫ్ రూములో చెప్పండి, ఆయాకో డ్రైవరుకో వాళ్ల పిల్లలకో ఫోను కావాల్సి ఉంటుంది. 6,500కు వాళ్లకిస్తే అంగడి కంటే మీకు 500 ఎక్కువ, సెకండ్‌హ్యాండ్ అంగడిలో కొనేదానికంటే వాళ్లకు తక్కువ. తెలిసినవాళ్లు కదా అని ఏదీ దాచొద్దు, చార్జింగ్ మధ్యాహ్నానికే అయిపోతుందని ముందే చెప్పేయండి.

తెలియనివాళ్లకే అమ్మాల్సి వస్తే ఇంటికి పిలవకండి, మనుషులు తిరిగే చోట, పగటిపూట, మరిదిని వెంటబెట్టుకుని కలవండి. ఒక కాగితం తప్పకుండా రాయించుకోండి: తేదీ, మోడల్, 15 అంకెల ఐఎంఈఐ నంబరు (ఒక్కో ఫోనుకు ఒక్కో గుర్తింపు నంబరు ఉంటుంది, అది), ఎంతకు అమ్మారు, కొన్నవాళ్ల పేరు, సంతకం. వాళ్ల గుర్తింపు కార్డు ఒకటి చూసి నకలు తీసుకోండి. కొన్నేళ్ల కిందట నేను బస్టాండు దగ్గర ఒకాయనకు పాత ఫోను అమ్మి డబ్బు తీసుకుని వచ్చేశాను, పేరు కూడా అడగలేదు. ఏడు నెలల తర్వాత పోలీస్ స్టేషన్ నుంచి పిలుపు వచ్చింది, ఆ ఫోను ఏదో కేసులో దొరికిందట, బిల్లు నా పేరు మీద ఉంది. నేను అమ్మేశానని చెప్పడానికి నా దగ్గర ఒక్క ఆధారమూ లేదు. రెండు రోజులు తిరిగాక వాళ్లు నమ్మి పంపించారు గానీ, ఆ రెండు రాత్రులు మా ఇంట్లో ఎవరూ నిద్రపోలేదు. ఆ కాగితం రాయడానికి ఐదు నిమిషాలు పట్టేది.

ఇంకో సంగతి. మీరు ఆ ఫోను మీద చెప్పిన ఫిర్యాదు చార్జింగ్ ఒక్కటే. ఐఫోనును 0 నుంచి 35 డిగ్రీల మధ్యే వాడమని ఆపిల్ చెబుతుంది. మన కడపలో ఏప్రిల్, మే నెలల్లో 40 దాటుతుంది, ఆ ఎండల్లో మూడేళ్లు తిరిగిన ఏ బ్యాటరీ అయినా నీరసిస్తుంది. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో మీ మోడల్‌కు కొత్త బ్యాటరీ ఎంతవుతుందో అడగండి, మీరు చేతి నుంచి పెట్టబోయే 14,499 ముందు అది చాలా చిన్న ఖర్చు. సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ కూడా చూడండి. ఈ మధ్యదే అయితే బ్యాటరీ మార్చుకుని ఇంకో ఏడాది రెండేళ్లు వాడుకోండి. అప్‌డేట్లు ఆగిపోయి చాలా కాలమైతే, డబ్బు లావాదేవీలు ఆ ఫోనులోనే చేస్తారు కాబట్టి, మార్చడమే మంచిది.

ప్రశ్న: నా ఫోను డిస్‌ప్లే పగిలింది. టచ్ పనిచేస్తుంది. ఎక్స్ఛేంజ్‌లో 900 అంటున్నారు. డిస్‌ప్లే వేయించి అమ్మితే ఎక్కువ వస్తుందా అన్నా?
– డిగ్రీ విద్యార్థి, జమ్మలమడుగు

జవాబు: సాధారణంగా రాదు తమ్ముడూ. ఒరిజినల్ డిస్‌ప్లే వేయిస్తే దాని ఖర్చు పెరిగిన ధరను మింగేస్తుంది. తక్కువ రకం వేయిస్తే కొనేవాడు రంగు చూసి, టచ్ చూసి పట్టేస్తాడు. కొత్త ఐఫోన్లలోనైతే మార్చిన భాగం ఒరిజినల్ కాకపోతే సెట్టింగ్స్‌లోనే రాసి చూపిస్తుంది. పగిలింది పగిలినట్టే రిపేరు అంగళ్లలో అడుగు, విడిభాగాల కోసం కొనేవాళ్లు 900 కంటే మెరుగ్గా ఇవ్వొచ్చు. ఆన్‌లైన్‌లో ఎక్స్ఛేంజ్ పెడితే మాత్రం పగుళ్లు లేవని టిక్కు పెట్టొద్దు. కొత్త ఫోను తెచ్చే డెలివరీ అబ్బాయి గుమ్మం దగ్గరే పాతదాన్ని పరీక్షిస్తాడు, తేడా ఉంటే తీసుకోడు, అప్పుడు తగ్గిన డబ్బంతా నువ్వే కట్టాలి, లేదా ఆర్డరే పోతుంది.

ప్రశ్న: ఫోను ఇచ్చేముందు అన్నీ డిలీట్ చేస్తే చాలా? మా పాప ఫోటోలు, ఫోన్‌పే, ఆధార్ అన్నీ అందులోనే ఉన్నాయి.
– గృహిణి, ప్రొద్దుటూరు

జవాబు: గ్యాలరీలో ఒక్కొక్కటిగా డిలీట్ చేస్తే చాలదమ్మా, ఫ్యాక్టరీ రీసెట్ చేయాలి. అదీ ఒక వరుసలో చేయాలి, వరుస తప్పితే ఇబ్బంది. మొదట ఫోటోలు వేరేచోట దాచుకుని, అవి తెరుచుకుంటున్నాయో లేదో కళ్లారా చూసుకోండి. వాట్సాప్ బ్యాకప్ తీసుకోండి. కొత్త ఫోనులో ఫోన్‌పే, గూగుల్ పే, బ్యాంకు యాప్ పనిచేసేదాకా పాతది చేయి దాటనివ్వొద్దు, ఒక్క రోజు ఆలస్యమైనా ఫరవాలేదు. తర్వాత పాతదాంట్లో ఆ యాప్‌లన్నిటి నుంచి లాగౌట్ అవ్వండి, సిమ్ము, మెమరీ కార్డు తీసేయండి. మెమరీ కార్డు మర్చిపోయి ఇచ్చేసేవాళ్లు చాలామంది, పిల్లల ఫోటోలు ఉండేది అందులోనే.

ఇప్పుడు సెట్టింగ్స్‌లో అకౌంట్స్‌కు పోయి గూగుల్ అకౌంటును తీసేయాలి, ఆ తర్వాతే రీసెట్. అకౌంటు తీయకుండా రీసెట్ చేస్తే దొంగల నుంచి కాపాడటానికి పెట్టిన తాళం పడొచ్చు, ఫోను తెరవగానే మీ పాత అకౌంటు, పాస్‌వర్డ్ అడుగుతుంది, కొన్నవాళ్లు మీ ఇంటికి తిరిగొస్తారు. ఐఫోనైతే ఫైండ్ మై ఆపేసి, ఆపిల్ అకౌంటు నుంచి సైన్ అవుట్ అయ్యి, అప్పుడు ఎరేజ్ చేయాలి. ఆండ్రాయిడ్ 10, ఆ తర్వాతి వెర్షన్లతో వచ్చిన ఫోన్లలో సమాచారం గూఢలిపిలోనే ఉంటుంది, రీసెట్‌తో దాని తాళంచెవి చెరిగిపోతుంది, కాబట్టి ఫోటోలు మళ్లీ బయటికి తీస్తారేమోనని భయపడక్కర్లేదు. అసలు ఆన్ కాని ఫోను, రీసెట్ చేయడానికి వీల్లేని ఫోను అయితే వందకో రెండొందలకో అమ్మకండి, మీ దగ్గరే ఉంచుకోండి. బ్యాటరీ ఉబ్బి ఉంటే మాత్రం ఇంట్లో పెట్టుకోవద్దు, గుచ్చొద్దు, చెత్తబండిలో వేయొద్దు, సర్వీస్ సెంటర్‌లో అప్పగించండి.

ప్రశ్న: ఫోను అమ్ముతానని పెడితే ఒకాయన తాను మిలిటరీలో ఉన్నానని, అడ్వాన్సు పంపిస్తానని, క్యూఆర్ కోడ్ పంపి స్కాన్ చేయమన్నాడు. చేయొచ్చా? అలాగే నేను సెకండ్‌హ్యాండ్‌లో ఒకటి కొనాలనుకుంటున్నాను, దొంగ ఫోను కాదని ఎలా తెలుస్తుంది?
– పాఠకుడు, యర్రగుంట్ల

జవాబు: చేయొద్దు, ఆ నంబరు బ్లాక్ చేయండి. యూపీఐలో డబ్బు రావడానికి స్కాన్ అక్కర్లేదు, పిన్ అక్కర్లేదు. పిన్ కొట్టారంటే మీ ఖాతాలోంచి పోతున్నట్టే. మిలిటరీ పేరు చెబితే మనం గౌరవంతో నమ్మేస్తామని వాళ్లకు తెలుసు. ఇప్పటికే డబ్బు పోయి ఉంటే ఒక్క నిమిషం కూడా ఆగకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయండి, ఎంత తొందరగా చేస్తే అంత మేలు.

కొనేటప్పుడు ఆ ఫోనులో *#06# కొట్టండి, ఐఎంఈఐ వస్తుంది. బిల్లు మీద, డబ్బా మీద ఉన్న నంబరు అదేనా చూడండి. తర్వాత మీ ఫోను నుంచి ఇంగ్లిష్ అక్షరాల్లో కేవైఎం (KYM) అని రాసి, కాస్త జాగా వదిలి, ఆ 15 అంకెలూ రాసి 14422కి మెసేజ్ పంపండి. కేంద్ర టెలికాం శాఖ 2023 మేలో తెచ్చిన సంచార్ సాథీ పోర్టల్‌లోనూ ఇది చూడొచ్చు. బ్లాక్‌లిస్ట్ అని గానీ, డూప్లికేట్ అని గానీ, ఇప్పటికే వాడుకలో ఉందని గానీ వస్తే ఎంత చవకగా ఇచ్చినా వద్దు. ఐఎంఈఐ మార్చడం 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం కింద మూడేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా పడే నేరం. జవాబు బాగానే వచ్చినా డబ్బు ఇచ్చేముందు మీ సిమ్ము వేసి ఒక కాల్ చేసి చూడండి, చార్జర్ పెట్టి చూడండి, అకౌంటు ఏదీ మిగల్లేదని అమ్మేవాళ్ల చేతే మీ ముందు రీసెట్ చేయించండి. బిల్లు పోయిందన్నవాళ్ల దగ్గరైతే నేను కొనను.