బంగారు అక్షరాల గురించి నీకో ఉత్తరం

విశాఖపట్నం

చిరంజీవికి,

నీ మొదటి కథల పుస్తకానికి నువ్వే చేసుకున్న అట్ట అందింది. కథలు పోయిన నెలే చదివాను, వాటి గురించి నాకు బెంగ లేదు. బెంగంతా అట్ట మీద పేరు గురించే. అక్షరాలకు బంగారు రంగు పూశావు గానీ బంగారంలా లేవు. పసుపు ముద్దలా ఉన్నాయి.

ఒక పని చెయ్యి. రేపు సాయంత్రం ఇంట్లో బాగా తోమిన స్టీలు చెంబు ఒకటి పట్టుకుని ఆర్కే బీచ్‌కి వెళ్ళు. ఎవరైనా చూస్తారని మొహమాటపడకు. సముద్రానికి వీపు పెట్టి నిలబడి, చెంబును కళ్ళ ఎదుట పట్టుకో. పైన ఆకాశం నీలంగా మొదలై కిందికి వచ్చేకొద్దీ తెల్లబడుతుంది. ఆ తెలుపు కిందే ఒక్కసారిగా నల్లటి పట్టీ, అది సముద్రం. దాని కింద ఇసుక. నున్నటి లోహం చుట్టూ ఉన్నదాన్నే మనకు చూపిస్తుంది. ఆ తెలుపూ నలుపూ ఒకదాన్నొకటి అంటుకుని ఉండటం వల్లే కంటికి అది లోహం అని తెలుస్తుంది.

నీ ఫొటోషాప్ ఫైల్లో రెండు పసుపులు మెల్లగా ఒకదాంట్లో ఒకటి కరిగిపోయాయి. మెరుపు అక్కడే పోయింది. అక్షరాల మీద రంగుల వరస పరిచే గ్రేడియంట్ ఓవర్‌లేలో 49 శాతం దగ్గర లేత మీగడ రంగు, 50 శాతం దగ్గర ముదురు గోధుమ రంగు పెట్టి చూడు. తేడా నీకే తెలుస్తుంది. వెండికైతే అదే వరస, రంగులు మాత్రం చెంబులో చూసినవే. తర్వాత అక్షరాలను ఉబ్బెత్తుగా చూపించే బెవెల్ అండ్ ఎంబోస్‌లో టెక్నిక్‌ని చిజెల్ హార్డ్‌కి మార్చు, అంచులు ఉలితో చెక్కినట్టు వస్తాయి. అక్కడే గ్లాస్ కాంటూర్‌లో (Gloss Contour) రింగ్ ఎంచుకుంటే వెలుగు చారలు ఇంకా పెరుగుతాయి. వెలుగు ఒక పక్క నుంచి, నీడ ఇంకో లెక్కలో పడకుండా గ్లోబల్ లైట్ టిక్ చేసి ఉంచు. గీతలు పడ్డ ఉక్కు కావాలంటే చుక్కచుక్కల నాయిస్ వేసి, దాన్ని ఒక పక్కకి సాగదీసే మోషన్ బ్లర్ ఇస్తే చాలు, ఉచితంగా దొరికే జింప్ సాఫ్ట్‌వేర్‌లోనూ ఇది సులువే.

తెలుగుకి ఒక కష్టం ఉంది, ఇంగ్లీషు పాఠాలు చూసి నేర్చుకున్నవాళ్ళకి ఇది ఎవరూ చెప్పరు. బెవెల్ సైజు పెంచితే ముందు వత్తులు పోతాయి, తర్వాత గుడి లోపలి ఖాళీ పూడిపోతుంది. నీ అట్ట మీద పేరులో వత్తు ఏమిటో నాకు రెండోసారి చూస్తే గానీ తెలియలేదు. అక్షరంలో అన్నిటికన్నా సన్నటి గీతను చూసుకుని సైజు పెట్టు. రామభద్ర లాంటి లావుపాటి ఫాంట్ తీసుకో, ఉచితంగానే దొరుకుతుంది. వత్తులు విడిపోయి పక్కన పడుతుంటే పేరాగ్రాఫ్ మెనూలో వరల్డ్ రెడీ లేఅవుట్ ఉంటే ఆన్ చెయ్యి.

ఇక ప్రింటు. నా రెండో పుస్తకం అట్ట స్క్రీన్ మీద ధగధగలాడింది. కట్టలు విప్పి చూస్తే పేరు ఆవపిండి రంగులో ఉంది. ఆ రోజు అన్నం సయించలేదు. స్క్రీన్ వెలుగుతో చూపిస్తుంది, ప్రెస్సులో ఉన్నవి నాలుగు సిరాలు, వాటిలో దేనికీ మెరుపు లేదు. నీకు ఆ బాధ రాకూడదు. ప్రెస్సుకి పంపే ముందు, అచ్చులో రంగులు ఎలా వస్తాయో చూపించే ప్రూఫ్ కలర్స్ ఆన్ చేసి ఒకసారి చూసుకో. నిజమైన మెరుపే కావాలంటే శుభలేఖల మీద వేసే గోల్డ్ ఫాయిల్ అడుగు. ఖర్చు పెరుగుతుంది, కానీ మొదటి పుస్తకం కదా, నేనైతే పెడతాను. ఫాయిల్‌కి మాత్రం గ్రేడియంట్, బెవెల్ అన్నీ తీసేసి పేరు ఒక్కటే పూర్తి నలుపులో విడిగా ఇవ్వాలి.

కొత్తది చేశాక జేపీజీ పంపకు. లేయర్లు కలపకుండా ఫొటోషాప్ అసలు ఫైలు, పీఎస్‌డీయే పంపు, వత్తులు చూసి చెప్తాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు