దేవుడి మీదే కోపం వస్తే ప్రార్థన ఎలా చెయ్యను?

ప్రశ్న: మాది నరసాపురం దగ్గర పల్లె. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో కొత్త ఏడాదికని తలా ఒక బైబిలు వచనం కార్డు తీస్తాం. నాకు వచ్చిన వాగ్దానం కార్డు యిర్మీయా 29:11, దేవుడి ఉద్దేశాలు మన మేలుకే అన్న మాట. ఆ ధైర్యంతోనే మావారు నాలుగెకరాల చెరువు లీజుకు తీసుకుని వనామి రొయ్య వేశారు. జనవరిలో స్త్రీల కూడికలో నేనే లేచి, దేవుడు మాకు మేలు చెయ్యబోతున్నాడని సాక్ష్యం చెప్పాను. సీడ్ (రొయ్య పిల్లలు) వేసిన రెండు నెలలకే తెల్లమచ్చ తెగులు తగిలింది. అయినకాడికి పట్టి అమ్మేశాం. మేత షాపు బాకీ, లీజు బాకీ, వడ్డీకి తెచ్చిన డబ్బు అలాగే ఉన్నాయి. కిందటి పంట రాబడిలో దేవుడికివ్వాల్సిన పదో వంతు, దశమభాగం, సరిగ్గా ఇవ్వలేదు కాబట్టే దేవుడు కొట్టాడంటారు మా అత్తగారు. గొలుసు తాకట్టు పెట్టైనా ఆ కానుక ఇచ్చెయ్యమంటున్నారు. మావారు చర్చికి రావడం మానేశారు. రాత్రిళ్లు ఒక్కరే చెరువు గట్టు మీద కూర్చుంటున్నారు. నేను మాత్రం వెళ్తున్నాను, పాడుతున్నాను. ఇంట్లో మోకరిస్తే నోట మాట రావడం లేదు. దేవుడి మీద కోపంగా ఉంది. ఇది పాపమా?

జవాబు: అమ్మా, ముందు మీ చివరి మాటకు జవాబు చెబుతాను. పాపం కాదు. మిమ్మల్ని అలసిపోయేలా చేస్తున్నది కోపం కంటే ఎక్కువగా, దాన్ని దేవుడి దగ్గర దాచిపెట్టి పైకి పాడుతూ ఉండడమే.

మీ బైబిలే తీసి చూడండి. 13వ కీర్తన మొదలవడమే “ఎన్నాళ్లు నన్ను మరిచిపోతావు” అని దేవుణ్ని నిలదీయడంతో. అది చివరికి పాటలోకి మళ్లుతుంది. 88వ కీర్తన అలా మళ్లదు, చీకట్లోనే ఆగిపోతుంది. అయినా అది ప్రార్థనే, ఎందుకంటే ఆ మనిషి తన చీకటిని ఎవరితోనో కాదు, దేవుడితోనే చెప్పుకుంటున్నాడు. మీ కార్డు మీద ఎవరి పేరుందో ఆ యిర్మీయా 20వ అధ్యాయంలో ఏమన్నాడో చదవండి. దేవుడు తనను లొంగదీసుకున్నాడని ఫిర్యాదు చేస్తాడు, తాను పుట్టిన రోజును శపిస్తాడు. మీరింకా అంత దూరం వెళ్లలేదు.

ఇక కార్డు సంగతి. దాన్ని నేను ఎగతాళి చెయ్యను, మా ఇంట్లోనూ అద్దం మూలకు ఒకటి గుచ్చి ఉంటుంది. కానీ లాటరీ టికెట్టు తీసినట్టు ఒక వచనం తీసి, దాన్ని చూసుకుని లీజుకు దిగడం వాక్యానికి మనం చేసే మర్యాద కాదు. “సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు” అన్న మాట ఒక ఉత్తరంలోది. బబులోనుకు చెరపట్టబడి, ఇల్లూ పొలమూ పోగొట్టుకున్న జనానికి యిర్మీయా యెరూషలేము నుంచి రాసిన ఉత్తరం అది. రెండేళ్లలో అంతా సర్దుకుంటుందని హనన్యా అనే ప్రవక్త 28వ అధ్యాయంలో తియ్యగా చెప్పాడు. దేవుడు అతన్ని పంపలేదు. 29:10లో యిర్మీయా చెప్పింది డెబ్బై ఏళ్లు! ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది సొంతూరు మళ్లీ చూసి ఉండరు. ఈలోగా ఏం చెయ్యమన్నాడంటే ఇళ్లు కట్టుకోమన్నాడు, తోటలు నాటుకోమన్నాడు, పిల్లలకు పెళ్లిళ్లు చెయ్యమన్నాడు, ఉన్న ఊరి క్షేమం కోసం ప్రార్థించమన్నాడు. అంటే మీ కార్డు అబద్ధం చెప్పలేదు. ఈ పంట గురించి అది అసలేమీ చెప్పలేదు. (ఆ కార్డుల కట్టలో 88వ కీర్తన ఎవరికీ రాదెందుకో మీరెప్పుడైనా ఆలోచించారా?)

మీ అత్తగారు అంటున్న మాట, అన్నీ పోగొట్టుకున్న యోబుతో అతని స్నేహితులు అన్నదే. ఏదో తప్పు చేసి ఉంటావు, అందుకే ఇలా అయిందని వాళ్లు అధ్యాయాల కొద్దీ వాదించారు. యోబు గ్రంథం 42:7లో దేవుడి కోపం వాళ్ల మీదికి వెళ్లింది, యోబు మీదికి కాదు. సిలోయం గోపురం కూలి పద్దెనిమిది మంది చచ్చిపోతే, వాళ్లు మిగతావాళ్ల కంటే పాపులనుకుంటున్నారా అని యేసు అడిగి, కాదన్నాడు. తెల్లమచ్చ ఒక వైరస్. తోడుకున్న నీళ్లతో వస్తుంది, గట్టు దాటే పీతలతో వస్తుంది, సీడ్‌తోనూ వస్తుంది. 1990లలో టైగర్ రొయ్య వేసినవాళ్లను ముంచిందీ ఇదే. 1996 నవంబరు తుపానుకు కోనసీమలో కొబ్బరి తోటలు పడిపోయినప్పుడు దశమభాగం ఇచ్చినవాళ్ల చెట్లు మిగిలాయా?

గొలుసు తాకట్టు పెట్టి కానుక ఇవ్వకండి. ఇచ్చే మనసుంటే ఉన్నదాన్ని బట్టే అది అంగీకారమవుతుందని, లేనిదాన్ని బట్టి కాదని రెండవ కొరింథీయులు 8:12లో పౌలు స్పష్టంగా రాశాడు. ఆ గొలుసు కదిలించక తప్పకపోతే ఎక్కువ వడ్డీ ఉన్న బాకీకి వాడండి. అత్తగారితో మాత్రం వచనానికి వచనం పెట్టి వాదించకండి. కారణం దొరికితే విరుగుడూ దొరుకుతుందని ఆవిడ ఆశ. ఆవిడా భయపడుతున్నారు. “ఇప్పుడు చేతిలో లేదత్తయ్యా, చేతికొచ్చాక ఇద్దాం” అనండి, చాలు.

ప్రార్థన రావడం లేదన్నారు కదా, కొన్నాళ్లు సొంత మాటల కోసం వెతుక్కోవద్దు. మొదటి కీర్తన నుంచి రోజుకొకటి వరసగా, పైకి వినబడేలా చదవండి. మధ్యలో ఏరుకోవద్దు. నచ్చని కీర్తన వచ్చిన రోజు “నాకిది నచ్చలేదు ప్రభువా” అని చెప్పండి. అదీ మాట్లాడటమే. మోకరించే ఓపిక లేకపోతే లేసు అల్లుకుంటూనో, బియ్యం ఏరుకుంటూనో చెప్పండి. ఎవరైనా హబక్కూకు 3:17 చూపించి, పంట పోయినా ఆనందించాలి కదా అంటే కంగారుపడకండి. ఆ పుస్తకం మొదలయ్యేది “ఎన్నాళ్లు మొర పెట్టాలి” అన్న ఫిర్యాదుతో. మూడో అధ్యాయానికి ఆ ప్రవక్త నడిచి వచ్చాడు, మీరూ మొదటిదాని నుంచే నడవొచ్చు.

కూడికలో మళ్లీ సాక్ష్యం అడిగితే పూలు చుట్టి చెప్పకండి. “పంట పోయింది, అప్పుంది, నాకు ప్రార్థన రావడం లేదు, నా బదులు మీరు చెయ్యండి” అని కూర్చోండి. జనవరి సాక్ష్యాన్ని ఎవరైనా గుర్తు చేస్తే చెయ్యనివ్వండి.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది మీవారి సంగతి. ఆయన చర్చికి రాకపోవడం తర్వాత చూసుకోవచ్చు, ఎందుకు రావడం లేదని అడగొద్దు. ఈ రాత్రి ఆయనకు అన్నం గట్టు దగ్గరికే తీసుకెళ్లి పక్కన కూర్చోండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అవునన్నా, మాట దాటేసినా ఆయన్ని ఒంటరిగా వదలొద్దు. ఇంట్లో, చెరువు షెడ్డులో ఉన్న పురుగుమందులు ఇంకొకరి ఇంట్లో పెట్టించండి, మర్నాడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416 రాత్రీ పగలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. పాస్టరుగారిని ఇంటికి రమ్మనండి, కానీ ప్రసంగం వద్దని ముందే చెప్పండి. బాకీల లెక్క అంతా ఒక కాగితం మీద రాసి, మేత షాపు ఆయనతో వాయిదాలు మాట్లాడేటప్పుడు మీవారి పక్కన మీ తమ్ముడో బావగారో ఎవరో ఒకరు ఉండేలా చూడండి.