బార్సిలోనా ఆఫర్: జీతం సరే, ముందు ఇంటి అడ్రస్ సంగతి తేల్చుకోండి

మీరు అడిగింది క్లుప్తంగా: సాఫ్ట్‌వేర్ బ్యాకెండ్‌లో ఏడేళ్ల అనుభవం, స్పెయిన్‌లోని బార్సిలోనా నుంచి ఏడాదికి 48 వేల యూరోల ఆఫర్, భార్య, నాలుగేళ్ల పాప. వెళ్లొచ్చా, బెక్‌హమ్ చట్టం (బయటి దేశాల నుంచి ఉద్యోగానికి వచ్చేవాళ్లకు ఇక్కడిచ్చే పన్ను సదుపాయం) కింద పన్ను కడితే ఎంత మిగులుతుంది అని. నేనిక్కడికి వచ్చి ఐదో ఏడు నడుస్తోంది. వెళ్లొచ్చనే నా మాట. కాకపోతే మీరు లెక్కలు వేస్తున్నది ఒకచోట, దెబ్బ తగిలేది ఇంకోచోట.

జీతం సంగతి ముందు తేల్చేద్దాం. పన్నూ, సోషల్ సెక్యూరిటీ చందా పోగా ఏడాదికి చేతికొచ్చేది 34 వేల చిల్లర. 12 భాగాలు చేస్తే నెలకు 2,800 పైచిలుకు, 14 చేస్తే 2,400 పైచిలుకు. ఇక్కడ చాలా చోట్ల 14 భాగాలే. వేసవిలో ఒకటి, డిసెంబర్‌లో ఒకటి బోనస్‌లా పడతాయి. బోనస్ కాదు, మీ డబ్బే ఆలస్యంగా ఇస్తున్నారు. ఎన్ని భాగాలో ఇప్పుడే అడగండి, నెల బడ్జెట్ దాన్నిబట్టే ఉంటుంది.

బెక్‌హమ్ చట్టం గురించి అందరూ ఊదరగొడతారు. ఆ సదుపాయం వాడుకున్న తొలివాళ్లలో ఆ ఫుట్‌బాల్ ఆటగాడు ఒకడు కాబట్టి ఆ పేరు అతుక్కుంది. వచ్చిన ఏడాది, ఆ తర్వాత ఐదేళ్లు, 6 లక్షల యూరోల దాకా జీతం మీద శ్లాబులు లేకుండా ఒకే రేటు, 24 శాతం పన్ను. మీ 48 వేల మీద అది 11,520. మామూలు పద్ధతిలో, బార్సిలోనా ఉన్న కాటలోనియా ప్రాంతపు రేట్లతో లెక్కేస్తే సుమారు 10,700 వస్తుంది. భార్యకు ఆదాయం లేని ఏడాది ఇద్దరూ కలిపి రిటర్న్ వేస్తే ఇంకా తగ్గుతుంది, బెక్‌హమ్‌లో ఆ వెసులుబాటు లేదు. అంటే మీకది నష్టమే. జీతం 60 వేలు దాటినవాళ్లకు మాత్రం బాగా కలిసొస్తుంది. వాళ్లు సోషల్ సెక్యూరిటీలో నమోదైన ఆరు నెలల్లోపు అప్లికేషన్ పెట్టాలి. నాతోపాటు చేరిన ఒకతను తర్వాత చూద్దాంలే అనుకుని ఏడో నెలలో గుర్తు తెచ్చుకున్నాడు. అంతే, పోయింది.

ఇక అసలు విషయం, పద్రోన్. అంటే మీరు ఫలానా ఇంట్లో ఉంటున్నారని మునిసిపాలిటీలో చేసుకునే నమోదు. వేలిముద్రలిచ్చి తెచ్చుకునే టీఐఈ కార్డుకి (విదేశీయుల గుర్తింపు కార్డు) అది అడుగుతారు, ప్రభుత్వ వైద్యం కార్డుకి అడుగుతారు, పాప బడికీ అడుగుతారు. మా కంపెనీ నాకు నెల రోజులకు టూరిస్ట్ ఫ్లాట్ ఇచ్చింది. బాల్కనీ, దూరంగా సముద్రం, ఫోటోలు తీసి ఇంటికి పంపాను. మూడో వారంలో ఆ ఫ్లాట్ కాగితం పట్టుకుని పద్రోన్ కౌంటర్‌కి వెళ్తే, అక్కడి ఆవిడ ఏమీ మాట్లాడలేదు. కాగితంలో ‘టూరిస్ట్’ అన్న మాట కింద గోరు పెట్టి చూపించి, నా వైపు తోసేసింది.

అప్పటికి నాకు ఇల్లు లేదు. ఇంటి ఓనర్లేమో స్పెయిన్‌లో తీసుకున్న చివరి మూడు నెలల జీతం స్లిప్పులు అడుగుతారు. అప్పుడే దిగినవాడి దగ్గర అవెక్కడుంటాయి? టీఐఈకి మాత్రం వచ్చిన నెలలోపే అప్లై చేయాలి. ఆ అపాయింట్‌మెంట్‌ని ఇక్కడ ‘సీతా’ అంటారు. దొరకడం కూడా సీతాన్వేషణే, పొద్దున్నే లేచి వెబ్‌సైట్ రిఫ్రెష్ చేస్తూ లంకంతా గాలించాలి. చివరికి మా హెచ్‌ఆర్ నాది పర్మనెంట్ కాంట్రాక్ట్ అని, జీతం ఇంతని లెటర్ రాసిస్తే ఒక పెద్దావిడ ఒప్పుకుంది. 1,250 యూరోలకు రెండు గదుల ఇల్లు దొరికింది. అందుకే చెప్తున్నా, ఆఫర్‌కి ఒప్పుకునే ముందు కంపెనీని రెండు అడగండి: పద్రోన్ చేసుకోగలిగే ఇల్లు కనీసం రెండు నెలలు, ఓనర్‌కి చూపించడానికి లెటర్. జీతం ఇంకో రెండు వేలు పెంచమని బేరమాడే కంటే ఇవే ఎక్కువ పనికొస్తాయి.

ఇల్లు వెతికేటప్పుడు కాంట్రాక్ట్ ఏ రకమో చూసుకోండి. మామూలు నివాస కాంట్రాక్ట్ అయితే ఐదేళ్లదాకా ఉండే హక్కు మీది, ఏజెన్సీ ఫీజు ఓనర్‌దే. 2024 మార్చిలో అద్దెలకు పరిమితి పెట్టాక చాలామంది ఓనర్లు 11 నెలల ‘తెంపొరాదా’, అంటే తాత్కాలిక కాంట్రాక్టులకు మారారు. వాటిలో అయితే 11 నెలలకు మళ్లీ సామాన్లు సర్దుకోవాలి. ఇల్లు చూడకుండా అడ్వాన్స్ పంపమన్నారంటే అది మోసమే, ఇంక ఆలోచించకండి.

పాప గురించి పెద్దగా బెంగపడకండి. ప్రభుత్వ బడిలో మూడేళ్ల నుంచి ఫీజు ఉండదు. కాకపోతే పాఠాలు ఇక్కడి స్థానిక భాష కాటలాన్‌లో, స్పానిష్‌లో కాదు. మా కొలీగ్ కూతురు ఆరు నెలల్లో వాళ్లమ్మకు కాటలాన్ నేర్పడం మొదలెట్టింది. మీ భార్య విషయంలో ఒకటి: నిపుణుల పర్మిట్ మీద తీసుకుంటే కుటుంబానికీ పనిచేసే హక్కు వస్తుంది. ఏ పర్మిట్ వేస్తున్నారో కంపెనీని అడిగి రాతలో తీసుకోండి. డిగ్రీ సర్టిఫికెట్లూ, పెళ్లి, పుట్టుక సర్టిఫికెట్లూ అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా ప్రభుత్వం వేసే ముద్ర) చేయించే పని ఇవాళే మొదలుపెట్టండి.

ఆఫీసు పొబ్లెనొవులో అన్నారు కదా. ఒకప్పటి బట్టల మిల్లుల పేట అది, ఇటుక పొగగొట్టాల పక్కనే ఇప్పుడు ఐటీ ఆఫీసులు. ఆఫీసులో ఇంగ్లీషుతో నడిచిపోతుంది, గేటు దాటితే నడవదు. ఇక్కడ నేను మొదట మనసు విప్పి మాట్లాడింది గ్యాస్ బండి అతనితో. నారింజ రంగు సిలిండర్‌ని ఇనుప ముక్కతో టంగు టంగుమని కొట్టుకుంటూ వీధిలో వస్తారు. నా వాలకం చూసి హిందీలో పలకరించాడు, తనది లాహోర్ అన్నాడు. 12.5 కిలోల గ్యాస్ ఉన్న బండను మూడో అంతస్తుకి మోసుకొచ్చాడు. మూడోది అని పేరే. పాత బిల్డింగుల్లో కింది అంతస్తు తర్వాత ‘ఎంత్రెసొల్’, ఆపైన ‘ప్రిన్సిపాల్’ ఉంటాయి, ఆ తర్వాత గానీ ‘ఒకటి’ మొదలవ్వదు. లిఫ్ట్ లేదు. పైకొచ్చి ఆయాసపడుతూ, హీటర్ ఏదీ, జనవరిలో గోడలు చెమర్చి చలేస్తుంది అన్నాడు. ఎండల ఊరు కదా అని నేను నవ్వాను. జనవరి వచ్చాక ఇంట్లో జాకెట్ వేసుకుని కోడ్ రాశాను. ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు మెట్లు లెక్కపెట్టండి, హీటింగ్ ఉందో లేదో అడగండి.