పాఠకుల ప్రశ్నలు: గుడిలో తలపాగా

ప్రశ్న: మా మేనల్లుడు సైన్యంలో పనిచేస్తున్నాడు. సంక్రాంతికి అతనితోపాటు పంజాబుకు చెందిన ఒక సిక్కు జవాను మా ఇంటికి వచ్చాడు. భోగినాడు అందరం మా ఊరి రామాలయానికి వెళ్లినప్పుడు మా నాన్నగారు గడప దగ్గరే తలగుడ్డ విప్పి నడుముకు చుట్టుకున్నారు గాని, ఆ అబ్బాయి మాత్రం తలపాగాతోనే లోపలికి వచ్చి దణ్ణం పెట్టుకున్నాడు. ఊరి పెద్దలు కొందరు ముఖం ముడుచుకున్నారు. అతనికి మేము ముందే చెప్పవలసిందా?
– ఒక పాఠకుడు, ఆమదాలవలస, శ్రీకాకుళం జిల్లా

జవాబు: చెప్పకపోవడమే మంచిదైంది. మీ నాన్నగారు తలగుడ్డ తీయడంలో ఎంత భక్తి ఉన్నదో, ఆ యువకుడు తలపాగా తీయకపోవడంలోనూ అంతే భక్తి ఉన్నది.

మన పల్లెల్లో తలగుడ్డ ప్రధానంగా పనిపాటల్లో వాడుకునే వస్త్రం. పొలంలో ఎండ తగలకుండా కాచేదీ, ధాన్యం బస్తా ఎత్తుకునేటప్పుడు నెత్తిన చుట్టకుదురయ్యేదీ, చెమట తుడుచుకోవడానికి పనికొచ్చేదీ అదే. కనుక దేవుడి ముందుకో పెద్దల ముందుకో వెళ్లేటప్పుడు దాన్ని విప్పి నడుముకు చుట్టుకోవడం వినయానికి గుర్తయింది. అయితే ఆ వినయమంతా మనసారా వచ్చినదే అనుకోరాదు. కామందుల వీధిలో తలగుడ్డతోనూ కాలి చెప్పులతోనూ నడవడానికి కొన్ని కులాలవారికి అనుమతి లేని రోజులు మన ఊళ్లలోనూ ఉండేవి.

సిక్కుల తలపాగా అర్థం కావాలంటే ఈ సంగతినే గుర్తు పెట్టుకోవాలి. మొగలాయిల కాలంలో మేలైన తలపాగా హోదాకూ అధికారానికీ చిహ్నం. 1699లో వైశాఖీ పండుగనాడు ఆనందపూర్ సాహిబ్‌లో పదవ గురువు గోవింద్ సింగ్ దీక్ష పొందిన సిక్కుల సమాజమైన ఖాల్సాను స్థాపించి, దీక్ష పుచ్చుకున్నవారు కత్తిరించని కేశాలు, దువ్వెన, ఉక్కు కడియం, కచ్ఛా అనే పొట్టి లాగు, కృపాణం అనే ఐదు గుర్తులను ధరించాలని నియమించారు. ఆ ఐదింటిలో తలపాగా లేదు. కాని దేవుడిచ్చినవిగా భావించే కేశాలను గౌరవంగా కప్పి ఉంచేది అదే కనుక ఆ నియమం నుంచి దాన్ని విడదీయలేము. తొలి దీక్ష పొందిన ఐదుగురిలో ఒక మంగలి, ఒక నీళ్లు మోసేవాడు కూడా ఉన్నారనీ, ఆ నీళ్లు మోసే హిమ్మత్ మనకు పొరుగునే ఉన్న పూరీ నుంచి వెళ్లినవాడనీ సిక్కు సంప్రదాయం చెబుతుంది. ఊరి పెద్ద ఎదురుపడితే తల వంచుకొని పక్కకు తప్పుకోవలసిన మనిషికి దొరలు కట్టుకునే తలపాగాను కట్టించడంలో ఎంత ధైర్యం ఉన్నదో ఆలోచించండి. దీక్ష తీసుకున్న స్త్రీలలోనూ కొందరు తలపాగా కడతారు.

మీ అతిథి ఉదయం తలపాగా కట్టుకోవడం మీ ఇంట్లోవారు చూసే ఉంటారు. అయిదారు మీటర్ల నూలు వస్త్రాన్ని ఇద్దరు చెరొక కొస పట్టుకొని, బిగించి లాగి, నిలువునా మడతలు పెడతారు. తరువాత ఒక కొసను పళ్ల మధ్య పట్టుకొని, నుదుటి మీద ఒక వరస పైకీ మరొక వరస కిందికీ వచ్చేలా చుట్టుకుంటూ పోతారు. దాన్ని నేలమీద పడవేయరు. అటువంటిదాన్ని పదిమందిలో తీయమనడం అతన్ని అవమానించడమే అవుతుంది. మీరు ఎప్పుడైనా విశాఖపట్నంలోని గురుద్వారాకు వెళ్తే, చెప్పులు బయట విడిచి, కనీసం ఒక చేతిరుమాలైనా తలకు కట్టుకొని లోపలికి అడుగుపెట్టండి. అక్కడ వట్టి తలతో వెళ్లడమే అమర్యాద.

ముఖం ముడుచుకున్న మీ ఊరి పెద్దలకు శ్రీశైలం సంగతి గుర్తు చేయవచ్చు. మహాశివరాత్రినాడు అక్కడ మల్లన్నను పెళ్లికొడుకును చేసేది తలపాగాతోనే. దేవాంగ నేతకారుడు ఏడాది పొడవునా రోజుకొక మూర చొప్పున నేసిన వస్త్రాన్ని, లింగోద్భవ సమయంలో ఆలయ దీపాలన్నీ ఆర్పివేసిన చీకట్లో, తాను దిగంబరుడై, గర్భాలయ శిఖరం నుంచి ముఖమండపం మీది నందుల వరకు అల్లుకుంటూ చుడతాడు. ఆ పాగాలంకరణ తరువాతనే స్వామి కల్యాణం జరుగుతుంది. దేవుడికి తలపాగా చుట్టి మురిసే మనం, భక్తుడి తలమీద దాన్ని చూసి నొచ్చుకోవడం ఏమి న్యాయం?

ఇతర సంప్రదాయాలలోనూ దీనికి పెద్ద స్థానమే ఉన్నది. ఉత్తరాదిన తండ్రి పోయిన తరువాత బంధువులందరి ఎదుట పెద్దకొడుకు తలకు పాగా చుట్టి ఇంటి బాధ్యత అప్పగిస్తారు. మదరసాలలో చదువు ముగించిన విద్యార్థికి గురువులు తలపాగా చుట్టి పంపుతారు.

ప్రశ్న: సిక్కులకు హెల్మెట్ నుంచి మినహాయింపు ఉన్నదని విన్నాను. నేనూ తలకు తువ్వాలు చుట్టుకొని బండి నడిపితే పోలీసులు ఒప్పుకోవాలి కదా?
– ఒక పాఠకుడు, చీపురుపల్లి, విజయనగరం జిల్లా

జవాబు: ఒప్పుకోరు. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 129వ సెక్షన్ ప్రకారం ఆ మినహాయింపు తలపాగా ధరించిన సిక్కులకే వర్తిస్తుంది. తలపాగా విప్పి హెల్మెట్ పెట్టుకోవలసివస్తే వారి మతనియమానికి భంగం కలుగుతుందన్నదే దానికి ఆధారం. బ్రిటన్‌లోనూ 1976లో ఇటువంటి చట్టమే చేశారు. మీ తువ్వాలును తీసి భుజాన వేసుకుంటే మీ ధర్మానికి వచ్చే లోటేమీ లేదు కనుక హెల్మెట్ పెట్టుకోండి, దాని పట్టీ కూడా బిగించుకోండి.